తిరిగొచ్చిన నురగ

పుంగనూరులో ఒక నర్సింగ్‌ హోమ్‌ పక్కనే పురుషోత్తం మందులషాపు. తేదీ దాటిన మందుల్ని అతను చెత్తకుప్పలో వేయడు. ఓసారి వేస్తే వీధి ఆవు అట్టపెట్టెతో సహా నమిలి, చావు తప్పి బయటపడింది. అప్పటినుంచీ ఆ మాత్రలూ సిరప్పులూ బక్కెట్లో కలిపి నర్సింగ్‌ హోమ్‌ మురుగు తొట్టిలో పోస్తున్నాడు. పాపభీతి గల మనిషి మరి! మురుక్కి మందు పడితే మంచిదేగా అనుకున్నాడు.

ఆ తొట్టిని చూసుకునేవాడు కుప్పం చిన్నస్వామి. అందులో కంటికి కనిపించని క్రిములు మురుగును తిని నీళ్లను తేరుస్తాయి. వాటికి గాలి అందించడానికి మోటారు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది. తేరిన నీళ్లు వెనకున్న కనకాంబరాల మడికి పారతాయి. ఆ మడి పురుషోత్తం భార్య రాజేశ్వరమ్మది.

2006 వేసవిలో తొట్టి చచ్చిపోయింది. మోటారు తిరుగుతోంది, బుడగలు లేస్తున్నాయి, కానీ గోధుమరంగు నురగ మాయమైంది. నీళ్లు బియ్యం కడుగులా తెల్లబడ్డాయి. కంపు కూడా లేదు. దాని బదులు పసిబిడ్డల సిరప్పు తియ్యటి వాసన. ఒక్క ఈగైనా వాలడం లేదు.

"ఎవరో ఏందో పోసినారప్పా. పురుగూ పుట్రా అంతా సచ్చిపోయినాది" అన్నాడు చిన్నస్వామి.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, పురుషోత్తం చేతులు లుంగీకి తుడుచుకున్నాడు.

చిన్నస్వామి పేడా బెల్లమూ కలిపి పోశాడు. కొన్నాళ్లకు నురగ తిరిగొచ్చింది. గండం గడిచిందని పురుషోత్తం ఊపిరి పీల్చుకుని, భయం భయంగా మళ్లీ సగం బక్కెట్‌ పోశాడు. నురగ తగ్గలేదు. బక్కెట్‌ మొత్తం ఒంపాడు. అది మెల్లగా ఉబ్బి, గట్టు దాకా వచ్చి, అతని వేళ్లను తాకింది. వెచ్చగా ఉంది. అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

ఆ వారంలోనే పూలు కోస్తున్న రాజేశ్వరమ్మ పాదంలో కంచె ముల్లు దిగింది. తడి మడిలో ఒట్టి కాళ్లతోనే తిరిగింది. "ఇంట్లో మందులషాపు పెట్టుకోని ముల్లుకు బయపడతావా?" అని నవ్వి, పురుషోత్తం మాత్రలిచ్చాడు. వాపు మోకాలికెక్కింది. ఇంకా పెద్ద మందిచ్చాడు. కాలు నల్లబడింది.

నర్సింగ్‌ హోమ్‌లో డాక్టర్‌ సుదర్శన్‌ ఇంజెక్షన్లు మార్చి మార్చి చూశాడు. చివరికి పురుషోత్తాన్ని వరండాలోకి పిలిచాడు.

"ఇవి మందులు తాగి బతికి, మందుల్లోనే పెరిగిన క్రిములప్పా. యాడ తగులుకున్నాయో ఏమో! కాలు తీసేయకపోతే మనిషి దక్కదు."

పురుషోత్తం లోపలికెళ్లి మంచం పక్కన కూర్చున్నాడు. రాజేశ్వరమ్మ అతని చెయ్యి పట్టుకుంది.

"ఏమయ్యా, అంగడి నిండా మందులుండాయే. నా కాలికి ఒక్కటీ లేదా?"

అతను మొహం పక్కకు తిప్పుకున్నాడు. కిటికీ అవతల తొట్టి హుషారుగా ఉడుకుతోంది.