మాట పూర్తయ్యేదాకా

నేను ఒక శాలువాను. చలికి కప్పుకునే రకం కాదు, సభల్లో కప్పించుకునే రకం. ఎర్రటి ఒళ్లు, పసిడిలా మెరిసే అంచు. ఆ మెరుపు బంగారానిది కాదని నేసిన యంత్రానికీ తెలుసు, అమ్మిన కాకినాడ కొట్టాయనకీ తెలుసు. అయినా నన్ను చూసి అందరూ చప్పట్లు కొడతారు.

మొదట ఒక ఆఫీసరుగారి బదిలీ సభలో ఆయన భుజాల మీదికి ఎక్కాను. ఆయన ఎప్పుడు కదులుతాడా అని కాచుకుని కూర్చున్నవాళ్లే మైకు ముందు కళ్లు తుడుచుకున్నారు. ఫొటో తీయడం అయిందో లేదో ఆయన నన్ను తీసి మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. ఇంటికెళ్తే బీరువా నిండా మా వాళ్లే. అక్కడ ఎంతకాలం మగ్గేదాన్నో గానీ, ఆయన భార్య తమ్ముడు ఒక పల్లెలో హెడ్మాస్టరు. "మీ స్కూల్లో సన్మానమన్నావుగా, పట్టుకెళ్లరా. మడత కూడా నలగలేదు" అని ఆవిడ నన్ను అతని చేతిలో పెట్టింది.

ఆ సన్మానం సువార్త టీచరుగారికి. పదవీ విరమణ చేస్తున్నారు. హెడ్మాస్టరు బస్సు దిగి, శాలువాల సంచీతో సత్తిబాబు ఆటో ఎక్కాడు. సత్తిబాబు కూతురు నూకరత్నం టీచరుగారి దగ్గరే అయిదో తరగతి చదువుతోంది.

"కోపం తెచ్చుకోకండి మేస్టారూ," అన్నాడు సత్తిబాబు, "టీచరుగారు జీతం పుచ్చుకునే కదండీ చెప్పారు? నేనూ రోజూ జనాన్ని దింపుతున్నానండీ. నాకెవరైనా కప్పారేంటండీ?"

హెడ్మాస్టరు నవ్వేశాడు. నిజం చెప్పొద్దూ, నాకైతే ఆ మాట సబబుగానే తోచింది.

అసలు అతని బాధ వేరే ఉంది. "మా రత్నం చేత ఇయ్యాల మాట్లాడిత్తారంటండీ. దానికి మాట తడబడుద్దని ఆవిడకి తెలుసు కదండీ? కొట్టుకెళ్లినా, చుట్టాలొచ్చినా దాని బదులు నేనే చెప్పేత్తానండీ. అంతమందిలో నవ్వితే మళ్లీ నోరిప్పుద్దేంటండీ అది?" అన్నాడు.

సభలో మన ఆనవాయితీ తెలిసిందే కదా. సన్మానం ఎవరికైనా, ముందు వేదిక మీద పెద్దలందరికీ శాలువాలు పడాలి. పిలిచినవాళ్లు ఎక్కారు, పిలవనివాళ్లూ ఎక్కారు. తరగతి గదుల్లోంచి కుర్చీలు వస్తూనే ఉన్నాయి. కుర్చీ చేరినప్పుడల్లా టీచరుగారు కాస్త జరిగి, చివరికి వేదిక అంచుకి చేరారు. మర్యాదలు ముగిసేసరికి పళ్లెంలో నేనొక్కదాన్నే మిగిలాను. నన్ను ఆవిడ కోసమే అట్టడుగున దాచారు.

సరిగ్గా అప్పుడే రైసుమిల్లు బుల్లబ్బాయిగారు వచ్చారు. ఊళ్లో పెద్దమనిషి, ఖాళీ మెడతో కూర్చోబెడితే బాగుంటుందా? కంగారులో హెడ్మాస్టరు నన్ను తీసి ఆయనకి కప్పేశాడు. వెనక్కి తిరిగి చూస్తే పళ్లెం ఖాళీ. సన్మానం ఎవరికో వాళ్లకే శాలువా లేదు! పాపం, అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. ఎవరినో కొట్టుకి పరిగెత్తించి, ఈలోగా సభ నడపడానికి "ఇప్పుడు చిన్నారి నూకరత్నం మాట్లాడుతుంది" అనేశాడు.

ఆ పిల్ల వచ్చి మైకు పట్టుకుంది.

"మా... మా... మా టీ..."

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. బుల్లబ్బాయిగారు జాలిపడి, "బాగా చెప్పావమ్మా, ఇంక కూర్చో" అన్నారు. అంతలో వెనకనుంచి సత్తిబాబు లేచి నిలబడ్డాడు. "మా టీచరుగారు చాలా మంచోరండీ! అదేనండీ మా అమ్మాయి చెప్పేది!" అని గట్టిగా అరిచాడు. పిల్ల తల దించుకుంది.

అప్పుడు సువార్త టీచరుగారు లేచారు. తన సన్మానానికి వచ్చిన పెద్దలని గానీ, సభ అని గానీ చూడలేదు.

"సత్తిబాబుగారూ, కూర్చోండి. ఆ మాట మీ అమ్మాయిది, తనే చెప్తుంది. మాకేం తొందర లేదమ్మా రత్నం."

అంతే. మళ్లీ ఒక్క ముక్క అందించలేదు, తల ఊపి తొందరపెట్టలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డారంతే. ఆవిడ నిలబడి ఉంటే కూర్చోవడం బాగోదనిపించిందేమో, బుల్లబ్బాయిగారు కూడా లేచారు. ఆయన గుండె దడదడ నాకు తెలుస్తూనే ఉంది. మైకు గుయ్యిమంటోంది. సత్తిబాబు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడిపోయాడు.

"మా... మా టీచరుగారు... నా మాట... అ... అయ్యేదాకా... ఉంటారు."

చెప్పేసింది! చాలాసేపు పట్టింది, అయినా మొత్తం తనే చెప్పింది. చప్పట్లు నేను చాలా విన్నాను గానీ, ఆ రోజువి వేరు.

బుల్లబ్బాయిగారు నన్ను మెడలోంచి తీశారు. "ఇది మీకు రావాల్సిందండీ. పొరపాటున నా మీద పడింది" అని టీచరుగారికి కప్పారు. ఆ పెద్దాయనకి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను.

ఆటోలో సత్తిబాబు అడిగిన దానికి నాకప్పుడు జవాబు దొరికింది. జీతం పాఠానికి ఇస్తారు. పక్కవాళ్లకి విసుగొచ్చి, కన్నవాళ్లకి భయమేసి వదిలేసిన చోట కూడా ఆ పిల్ల చెప్పగలదని నమ్మి నిలబడ్డారే, దానికి ఏ జీతం సరిపోతుంది? అందుకే ఆవిడ భుజం మీదికి చేరడం నా అదృష్టం అంటాను.

మర్నాడు పొద్దున్నే సత్తిబాబు టీచరుగారింటికి వచ్చాడు. నేను వరండాలో దండెం మీద ఉన్నాను. అతను చెప్పులు మెట్ల కింద విప్పి, ఎదురుగా నిలబడి చేతులు జోడించాడు.

"టీచరుగారండీ... నేను... నిన్న... మా రత్నం..."

తువ్వాలుతో కళ్లు ఒత్తుకుని మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ ఆగిపోయాడు.

"పర్లేదులెండి, నాకర్థమైంది" అని ఎవరైనా అనేస్తారు. సువార్త టీచరుగారు అనలేదు. కుర్చీ చూపించి, తనూ ఎదురుగా కూర్చుని, అతని మాట కోసం ఎదురుచూశారు.