పొమ్మన్నదెవరు?

“పాప వ్యాను ఎక్కలేదన్నా. బడి గేటు దగ్గర కూడా లేదు.”

దర్జీ చేతిలో సగం మడిచిన పాంటు జారి కింద పడింది. వ్యాను డ్రైవరు ఫోన్లో ఇంకా ఏదో చెబుతున్నాడు. షట్టరు సగం దించి, మెడలో టేపుతోనే అతను ఇంటికి పరిగెత్తాడు.

వంగిన వీపు, సుద్ద అంటిన వేళ్ళు. ఊళ్ళోవాళ్ళ బట్టలు వదులు చేయడం, బిగించడం, అంతే అతని బతుకు. ఇంట్లో మాటలు బిగుసుకున్నప్పుడు మాత్రం ఏ కుట్టు విప్పాలో తెలియలేదు. విడాకుల కాగితాల మీద ఇద్దరూ సంతకాలు చేశారు. సాయంత్రం భార్య వాళ్ళక్క ఇంటికి వెళ్ళిపోతుంది.

ఆమె సూట్‌కేసు సర్దుతోంది.

“గుండీ వచ్చిందా?” పాప ముద్దుపేరుతో అడిగాడు.

“ఇంకా రాలేదే. ఏమైంది?”

అతను గదులన్నీ వెతికాడు. స్నానాలగదిలో గ్లాసులో రెండే బ్రష్షులున్నాయి. చిన్నది లేదు. మంచం మీద పాప దిండుకు గలీబు లేదు.

“తనే వెళ్ళిపోయింది,” ఆమె దిండు చేతిలోకి తీసుకుంది. “ఏమన్నారు దాన్ని?”

“నేనేమంటాను? నోరు నీదా, నాదా?”

“అవును, మీరు నోరు తెరిచేది కొలతలు చెప్పడానికేగా.”

ఫోను మోగింది. వారం వారం ముగ్గురూ వెళ్ళే కౌన్సెలర్. “పాప నా దగ్గరే ఉంది. ఇద్దరూ కలిసి రండి.”

బడి వెనకవీధిలోని ఆ గదిలో, కాళ్ళు నేలకందని కుర్చీలో గుండీ కూర్చుని ఉంది. ఒళ్ళో సంచి. సంచిలో బ్రష్షు, గలీబు, ఒక గౌను.

“నన్నెవరింటికి పంపిస్తారో మేడమ్‌ని అడుగుదామని వచ్చా.”

భార్యాభర్తలు ఒకరినొకరు చూసుకున్నారు. ‘అంతా నీ వల్లే’ అన్న మాట ఇద్దరి నాలుకల మీదకూ వచ్చింది. కౌన్సెలర్ చెయ్యి అడ్డుపెట్టింది.

“ఆగండి, తనని చెప్పనివ్వండి. నిన్ను వెళ్ళిపొమ్మని ఎవరన్నారమ్మా?”

“నాన్న.”

దర్జీ ఒక అడుగు ముందుకు వేశాడు. “నేనా?”

“మొన్న అన్నావుగా, ‘మనం విడిపోతున్నాం గుండీ’ అని. నువ్వూ అమ్మా మాత్రమే అయితే ‘మేము’ అనాలి. మనం అంటే నేను కూడా కదా.”



“మాట మీది,” కౌన్సెలర్ దర్జీతో నెమ్మదిగా అంది. “సరిచేయాల్సింది కూడా మీరే.”

పాంటు పొడవు కొలిచేటప్పటిలాగే అతను పాప ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. “విడిపోయేది మేము తల్లీ. అమ్మా, నేనూ. నువ్వు కాదు.”

“మరి మనం?”

“మనం అంటే...” అని అతను మొదలుపెట్టాడు. భార్య అందుకుంది. “నువ్వూ నేనూ మనం. నువ్వూ నాన్నా మనం.” ఇన్ని నెలల్లో ఆమె అతని మాటను అందుకుని పూర్తిచేయడం అదే మొదటిసారి.

సాయంత్రం సూట్‌కేసు కారెక్కింది. అమ్మతోపాటు ఎక్కబోతూ గుండీ, ఏదో మర్చిపోయానని ఇంట్లోకి వెళ్ళి వచ్చింది. శుక్రవారం మళ్ళీ వస్తుంది. కిటికీలోంచి తల బయటపెట్టింది.

“నన్ను పొమ్మన్నది నువ్వు కాదుగా నాన్నా?”

“కాదు. పొమ్మన్నది ‘మనం’. ఆ మాటే.”

కారు మలుపు తిరిగాక అతను లోపలికొచ్చి ముఖం కడుక్కున్నాడు. గ్లాసులో అతని బ్రష్షుకు ఆనుకుని చిన్న బ్రష్షు నిలబడి ఉంది.