వడ ముట్టని బేరం

ఎవరింట్లోనైనా కాఫీ చుక్క గొంతు దిగిందంటే చాలు, రామభద్రరావుకు ఇక నోరు పెగలదు. ఆ ఇంటివాళ్లు పిల్లిని చూపించి పులి అన్నా, "ఆయ్, మంచి పులండి" అని వచ్చేస్తాడు. ఒకరి చేతి తిండి తిన్నాక వాళ్ల సరుకుకు వంక పెట్టడం మర్యాదస్తుల లక్షణం కాదని యానాంలో వాళ్ల నాన్న నేర్పాడట. నాన్న చెప్పిన మిగతా సంగతులన్నీ ఎప్పుడో గాలికి వదిలేసిన మనిషి, ఈ ఒక్కదాన్ని మాత్రం తుచ తప్పకుండా పాటిస్తున్నాడు. ఈ సుగుణం పుణ్యమా అని ఆయన ఇంట్లోకి కాలు విరిగిన మంచం ఒకటి, గంట కొట్టని గడియారం ఒకటి వచ్చి చేరాయి. ఈసారి రాబోతున్నది కారు. డబ్బు ఆయనది కాదు, భార్య భ్రమరాంబది. ఆవిడ భయమల్లా అదే.

భ్రమరాంబ కాజాలు చేస్తుంది. ఆయనకు పాండిచ్చేరి ఆఫీసుకు బదిలీ అయ్యి ముదలియార్‌పేటలో కాపురం పెట్టినప్పుడు ఇరుగుపొరుగుకు పంచడంతో మొదలైన పని, పెళ్లిళ్ల ఆర్డర్ల దాకా వచ్చింది. పోయిన ఏడాది వానల్లో అరియాంకుప్పం పెళ్లికి రిక్షాలో వేసి పంపిన బుట్టల్లోకి నీళ్లు దిగి, కాజాలన్నీ పాకం కారిపోయి ముద్దగా తేలాయి. పెళ్లివారు అనరాని మాటలు అన్నారు. ఆ రోజే ఆవిడ కారు కొనాలని ఒట్టు పెట్టుకుంది. యానాంలో తల్లి తాలూకు కొబ్బరితోటలో తన వాటా అమ్మేసింది. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో కొంగు బిగించి డ్రైవింగ్ నేర్చుకుంది. వీధిలోవాళ్లు నవ్వితే నవ్వనిచ్చింది. లైసెన్సు చేతికొచ్చి నెలయింది. ఈ పెళ్లిళ్ల కాలం దాటిపోయిందంటే తోటా ఉండదు, కారూ ఉండదు, ఆర్డర్లూ ఉండవు.

అందుకే గుడ్డిగా దిగలేదు. కురుచికుప్పం దగ్గర వలల దారం వ్యాపారం చేసే నరసింహన్ తన ఫియట్ అమ్ముతున్నాడని తెలిసిన దగ్గర్నించి వారం రోజులు తిరిగింది. అదే ఏడాది బండి ఊళ్లో ఎంతకు పోయిందో కనుక్కుంది. అడుగు బాగున్నది పదహారు వేలకు పోయింది. సముద్రం పక్క బండ్లకు అడుగు రేకు తినేస్తుందని షెడ్డువాళ్లు చెబితే, రేకు మార్చడానికి ఎంతవుతుందో కూడా అడిగింది. రెండున్నర వేలన్నారు. ఎక్కువ ఇచ్చి మోసపోకూడదు, తక్కువకు కొట్టేసి ఒకరి ఉసురు పోసుకోకూడదు. ఆవిడ పట్టుదల అది.

ఆ సోమవారం రామభద్రరావు ఒంటిపూట సెలవు పెట్టి, భార్యతో నరసింహన్ ఇంటికి వచ్చాడు. వాన అప్పుడే తెరిపిచ్చింది. మీగడరంగు ఫియట్ వాకిట్లో కొత్త పెయింటుతో నిగనిగలాడుతోంది. దాన్ని చూసేలోపే నరసింహన్ ఎదురొచ్చి రామభద్రరావు చెయ్యి పట్టుకున్నాడు. నాలుగు తరాల కిందట ఇక్కడికొచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబం వాళ్లది.

"రాండి సార్, రాండి! మనోళ్లు వస్తారంటే పొద్దున్నించి కాచుకోని ఉండా. బండి యాడికీ పోదు. ముందర తినండి. మా ఇంట్లో తిన్నాకే మాట."

భార్య జయలక్ష్మమ్మ వడల పళ్లెం తెచ్చి పెట్టింది. రామభద్రరావు ముఖం వికసించింది. భ్రమరాంబ డబ్బు సంచీ ఒళ్లోకి లాక్కుంది.

"నాకొద్దండి," అంది ఆవిడ. "కార్తీక సోమవారం. నక్షత్రం చూసేదాకా మంచినీళ్లు కూడా ముట్టను."

నరసింహన్ తెల్లబోయాడు. "ఏందమ్మా నువ్వనేది? కార్తీకం యాడ వచ్చింది? మాకింకా ఐప్పసి గదా!"

అరవ లెక్కన ఐప్పసి నెల గడిచి కార్తీకం రావడానికి ఇంకా రోజులున్నాయి. యానాం వాళ్లకు దీపావళి వెళ్లగానే వచ్చేసింది. నాలుగు తరాలు ఇక్కడి పంచాంగంతో బతికినవాడికి ఆ సంగతి తట్టలేదు. "కొంజెం కాఫీ అన్నా తాగమ్మా," అని బతిమాలాడు. మరీ అంత బతిమాలతాడేమిటా అని ఆవిడకు అప్పుడే అనుమానం వచ్చింది. జయలక్ష్మమ్మ మాత్రం ఆవిడ వైపు ఒకసారి పరకాయించి చూసి, వంటింట్లోకి వెళ్లిపోయింది.

రామభద్రరావు రెండో వడ పూర్తి చేశాక నరసింహన్ ధర చెప్పాడు. పద్దెనిమిది వేలు. "మీరు మనోళ్లు గాబట్టి చెప్తా ఉండా. బయటోళ్లకైతే ఇరవై."

"ఆయ్, మీ అభిమానమండి," అన్నాడు రామభద్రరావు. భ్రమరాంబకు ఒళ్లు మండింది.

"ఒకసారి నడిపి చూస్తాను," అంది. "లైసెన్సు ఉంది నాకు."

నరసింహన్ నవ్వాడు. "లైసెన్సు ఉంటే చాలునా తల్లీ? బండికి చెయ్యి అలవాటు కావాల. నేను తోల్తా. సారు ముందర కూర్చుంటాడు. నువ్వు వెనక రాణి మాదిరి కూర్చో."

కొనేది తను, నడపబోయేది తను. తనేమో వెనక సీట్లో! మొగుడు వెనక్కి తిరిగి "కూర్చోవే, సుఖంగా ఉంటుంది" అన్నాడు. ఆ ముఖం చూస్తే ఏదైనా విసిరేయాలనిపించింది. చేతిలో డబ్బు సంచీ తప్ప మరేమీ లేక ఊరుకుంది.

ఇంజను బాగానే ఉంది. ఆ మాట ఆవిడ మనసులోనే ఒప్పుకుంది. కాలవ పక్క రోడ్డు మీద మడుగులోంచి కారు పోనిచ్చేసరికి, ఆవిడ పాదాల మీదికి చల్లగా ఏదో ఎగజిమ్మింది. చీర కుచ్చిళ్లు తడిసిపోయాయి. వంగి చూసింది. కొత్త రబ్బరు పట్టా, అంచులన్నీ జిగురుతో అంటించి ఉన్నాయి. నీళ్లొచ్చిన మూల జిగురు ఊడి ఉంటే, గోటితో గీకి పైకెత్తింది. రేకు లేదు. చెయ్యి పట్టేంత చిల్లులోంచి కింద రోడ్డు పరిగెడుతోంది.

ఆవిడకు కోపంతో కళ్లు బైర్లు కమ్మాయి. సరిగ్గా బుట్టలు పెట్టే చోటు అది. రిక్షాలో పైనించి తడిసిన కాజాలు ఇందులో కిందనించి తడుస్తాయి. దానికోసమా అమ్మ తోట అమ్ముకున్నది?

"ఏవండీ, వెనక నీళ్లొస్తున్నాయి!"

"వానాకాలం కదే," అన్నాడు మొగుడు. "కాస్త చెమ్మ ఉంటుంది. పర్లేదండి నరసింహన్ గారూ."

"చెమ్మ సార్, సుమ్మా చెమ్మ," అన్నాడు నరసింహన్.

ఇంటికి తిరిగొచ్చాక మళ్లీ వడలొచ్చాయి. రామభద్రరావు మొహమాటంగా ఇంకోటి తీసుకుని, "అయితే మీరన్నదానికే..." అంటూ భార్య ఒళ్లోని సంచీ వైపు చెయ్యి చాపాడు. భ్రమరాంబ సంచీ వెనక్కి లాక్కుంది.

"ఆగండి. బేరం నేనాడతాను. ఇలాంటి బండి అడుగు బాగున్నది పదహారుకు పోయింది. దీనికి అడుగు లేదు. రేకు మార్చడానికి రెండున్నర. పదమూడున్నర వేలు ఇస్తాను."

నరసింహన్ ముఖం ఎర్రబడింది. "ఏంది సార్ ఇది? నా ఇంట్లో కూర్చోని, నా ఉప్పు తిని, నా బండికే వంక పెట్టేదా? యానామోళ్ల మర్యాద ఇదేనా?"

రామభద్రరావు తల దించుకున్నాడు. చేతిలో వడ అలాగే ఉంది.

"తిన్నది ఆయన," అంది భ్రమరాంబ. "అందుకే నోరెత్తడం లేదు, చూడండి. నేను మీ ఇంట్లో చుక్క నీళ్లు ముట్టలేదు. నా నోటికి తాళం పడలేదు. మీరు పద్దెనిమిది అడగడం తప్పనడం లేదండి, ఎవరి వస్తువు వాళ్లకు ముద్దు. చిల్లు మీద పట్టా అంటించి, దాని మీద నన్ను కూర్చోబెట్టి, మనోళ్లు మనోళ్లు అన్నారు చూడండి, అదీ తప్పు! పరాయివాడు చేసి ఉంటే ఇంత మండేది కాదు. ఈ ఊళ్లో తెలుగు మాట వినపడితే ప్రాణం లేచొస్తుందండి మాకు. దాన్ని కూడా ఎరగా వేస్తారా?"

నరసింహన్ ఏదో అనబోయాడు. అప్పుడు జయలక్ష్మమ్మ కాఫీ గ్లాసులు ఠపీమని బల్లమీద పెట్టింది.

"ఆయమ్మ చెప్పింది నిజం. యాడన్నా అబద్ధం ఉందా అందులో?" అంది మొగుడితో. "యానామోళ్లు తింటే అడగరు, తిననీ అంటివి. వచ్చినోళ్లకంతా నేను వడలు కాల్చేది, వాళ్లు తిని, నవ్వి, చిల్లు చూసి, మళ్లా వస్తామని పోయేది. ఒక్కడన్నా వచ్చినాడా? ఒక్కడన్నా నోరు తెరిచి ఇది బాలేదు అన్నాడా? మినప్పప్పు పాయె, నా నడుము పాయె, బండి మాత్రం వాకిట్లోనే ఉండాది. ఇంక నేను రుబ్బను."

సొంత ఇల్లాలే అలా అనేసరికి నరసింహన్ ఉక్రోషం పట్టలేకపోయాడు. జేబులోంచి తాళంచెవి తీసి బల్లమీద విసిరాడు.

"పన్నెండు ఇచ్చి తీసుకోని పో తల్లీ! ఈ పీడ నాకొద్దు."

రామభద్రరావు కళ్లు మెరిశాయి. భార్య మోచేతిని గిల్లాడు. భ్రమరాంబ చెయ్యి విదిలించుకుంది.

"పదమూడున్నర," అంది.

"పన్నెండంటా ఉండా గదా!"

"మీరు కోపంలో చెప్పిన ధర నాకెందుకండి? ఇంజను బాగుంది, దాని విలువ దానికుంది. మీ సొమ్ము పదిహేను వందలు మీ ఉక్రోషం మీద కొట్టేస్తే, మీకూ నాకూ తేడా ఏవిటి?"

నరసింహన్ ఆవిడను మొదటిసారి సూటిగా చూశాడు. తర్వాత చూపు తిప్పుకుని, "సరేమ్మా," అన్నాడు మెల్లగా. డబ్బు చేతులు మారింది. కాగితాల సంగతి మర్నాడు ఆఫీసులో చూసుకుందామనుకున్నారు. తాళంచెవి బల్లమీద నుంచి తనే తీసి, ఈసారి భ్రమరాంబ చేతికిచ్చాడు.

చీకటి పడింది. ఆకాశమంతా మబ్బు. జయలక్ష్మమ్మ గడపలో దీపం వెలిగించి, వేరే పళ్లెం తెచ్చింది.

"నక్షత్రం యాడ కనిపిస్తాది ఈ మబ్బులో? దీపం చూసి తిను తల్లీ. నువ్వు నోమని చెప్పినాక వేరే పిండి రుబ్బినా. ఉల్లిగడ్డ వెయ్యలే."

ఇందాకటినించీ మండుతున్న కళ్లలో భ్రమరాంబకు నీళ్లు తిరిగాయి. ఇంక రుబ్బనన్న మనిషి, అప్పటికే తనకోసం రుబ్బి పెట్టింది. కాళ్లు కడుక్కొచ్చి దీపానికి దణ్ణం పెట్టుకుని, కూర్చుని తృప్తిగా తింది. "వదినా, ఇంకోటి వెయ్యండి," అని అడిగి మరీ తింది.

మిగిలినవి జయలక్ష్మమ్మ ఆకులో కట్టిచ్చింది. భ్రమరాంబ ఆ పొట్లం తీసుకెళ్లి ముందు సీట్లో పెట్టి, తను స్టీరింగు ముందు కూర్చుంది. రామభద్రరావు ముందు తలుపు దగ్గర నిలబడ్డాడు.

"అక్కడ వడలున్నాయి, తడవకూడదు," అంది ఆవిడ. "మీరు వెనక కూర్చోండి. రాజులా."

కాలవ పక్క మడుగు దగ్గర ఆవిడ వేగం ఏమాత్రం తగ్గించలేదు. వెనకనించి కెవ్వుమని కేక వినిపించింది.

"ఏవైందండీ?"

"అబ్బే... పర్లేదే."

భ్రమరాంబ ఇంకో మడుగు చూసుకుని అటు పోనిచ్చింది.

"పంచె తడిసిపోయిందే!" అని అరిచాడు రామభద్రరావు. "ఇదేం కారు, కింద రేకే లేదు! అడుగంతా చిల్లే!"

ఒకరింట్లో కడుపునిండా తిని, వాళ్ల సరుకు బాలేదని ఆయన అనడం పెళ్లయ్యాక అదే మొదటిసారి. భ్రమరాంబ గేరు మార్చి, ముదలియార్‌పేట వైపు తిప్పింది.