పిట్ట చెయ్యి, డాల్ఫిన్ చెయ్యి

నేనూ మా ఆవిడా ఒకే మ్యూజియంలో ఎముకలు కట్టాం. చచ్చిన జంతువు ఎముకలు శుభ్రం చేసి, తీగతో కూర్చి, మళ్ళీ నిలబెట్టడం మా పని. డాల్ఫిన్ నాది. చిత్తడినేలల్లో ఎప్పుడో గాని కంటపడని ఓ పిట్ట ఆమెది. నా దానికి నిచ్చెన కావాల్సొచ్చింది. ఆమె ఊపిరి బిగబట్టి, పట్టుకారుతో కట్టింది.

ఆమె పోయాక కొత్త హాలు కట్టారు. డాల్ఫిన్ ఒక్కటే చాలన్నాడు మ్యూజియం పెద్దసారు. పిట్టను చూడ్డానికి ఎవడొస్తాడని పెదవి విరిచాడు. ఆమె పోయిన రోజు మా గడప తొక్కని మనిషి. ఆమె పనికీ చోటు లేదంటే ఆశ్చర్యపోలేదు. క్షమించనూ లేదు.

హాలు సర్దే బాధ్యత మా అమ్మాయిది. తల్లి దగ్గరే పని నేర్చింది. పిట్టను పెట్టమని నేను అడగలేదు. అడిగితే, తండ్రి కోసం పెట్టిందంటారు. ప్రారంభం రోజు వెళ్ళాను. పిట్ట లేకపోతే గుమ్మంలోంచే తిరిగి వచ్చేద్దామనుకున్నాను.

డాల్ఫిన్ పైన వేలాడుతోంది. కింద, పిల్లల కళ్ళ ఎత్తున, గాజుపెట్టెలో పిట్ట.

డాల్ఫిన్ తెడ్డురెక్కలో దండచేతి ఎముకకు ఎర్రదారం, ముంజేతికి పసుపు, వేళ్ళకు నీలం చుట్టి ఉన్నాయి. పిట్ట రెక్కకూ అవే రంగులు, అదే వరస. నా ఎముకలకు దారం చుట్టేముందు అమ్మాయి నన్నొక మాట అడగలేదు. తల్లి కట్టిన పిట్టను మాత్రం ముట్టుకోలేదు. గాజు మీద రంగుచుక్కలు పెట్టి ఊరుకుంది.

ఒక పాప తన చెయ్యి తడుముకుంటూ పైకీ కిందికీ చూసింది.

"అమ్మా, దీనికీ మోచెయ్యి ఉందే. దానికీ ఉంది."

పెద్దసారును ఎలా ఒప్పించావని అమ్మాయిని అడిగాను. పిట్ట పక్కన లేకపోతే మీ డాల్ఫిన్ జనానికి వట్టి పెద్ద చేపే సార్, అందట. సరే, పెట్టమన్నాడట.

అంతలో ఆయనే వచ్చాడు. డాల్ఫిన్ అద్భుతమని పొగిడి, చెయ్యి చాపాడు. నేను చెయ్యి కలపలేదు.

"పిట్టను చూశారా?"

"చూశానండీ. అదీ బాగుంది."

"కట్టిందెవరో రాసుంది. చదివి రండి."

చాపిన చెయ్యి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. పిల్లల మధ్య నడుం వంచి, మా ఆవిడ పేరు చదివాడు. పెద్దవాళ్ళెవరైనా వంగితేగాని కనబడదది. అంత కిందికి పెట్టింది నా కూతురు.