ఔన్సు తూగిన తూటా

ఆ ఏడాది జూన్ మొదట్లో నా చేతిలో ఉన్నవి రెండే. నాలుగు వందల యాభై రకం రెండు గొట్టాల రైఫిలు ఒకటి, దాని తూటాలు ఇరవై ఉన్న పెట్టె ఒకటి. లేనిది లారీ. సామానంతా మోంబాసా రేవుకు చేర్చుకోవాలని ఆత్రపడుతున్న కాఫీతోట మేనేజరుకు నా లారీ ఇచ్చేసి, బదులుగా ఈ రైఫిలు పుచ్చుకున్నాను. స్వాతంత్ర్యం వచ్చాక మా ఊరు అరూషాలో తెల్లదొరలు చాలామంది అలాగే సర్దుకుని వెళ్ళిపోతున్నారు. వాళ్ళ వస్తువులు కొని అమ్మడమే నా వ్యాపారం. బండి లేకపోతే ఆ వ్యాపారం వారం కూడా సాగదు.

కొనేవాణ్ణి ముందే చూసి పెట్టుకున్నాను. లెఫ్తేరి వంవాకాస్ మోషీలో పుట్టిన గ్రీకువాడు. డబ్బున్న పరదేశీయుల్ని వేటకు తీసుకుపోవడం అతని బతుకుదెరువు. పోయిన సీజనులో అతని రైఫిలు అడవిదున్న కాలికింద పడి విరిగింది. జూలై ఒకటికల్లా కొత్త వేటగాళ్ళు దిగుతారు. అతనికి రెండు లాండ్‌రోవర్లున్నాయి. రైఫిలు గురి సరిగా ఉంటే పాత బండి నాకిస్తానన్నాడు, లేకపోతే లేదు.

"మొదటి గుండు తగిలాక దున్న మీదికే వస్తుంది, బద్రు భాయ్. రెండో గొట్టం గుండు పక్కకి పోయిందంటే నేను ఇంటికి రాను" అన్నాడు.

రెండు గుళ్ళూ ఒకేచోట పడాలని, రైఫిలు చేసినవాడు ఆ గొట్టాల్ని ముందువైపు వెంట్రుకవాసి దగ్గరికి జరిపి అతుకుతాడు. ఆ అతుకు ఊడిపోయి ఎవడైనా నాటుగా మళ్ళీ అతికితే అది పొయ్యి ఊదుకోవడానికి తప్ప పనికిరాదు. లెఫ్తేరి అనుమానమంతా దాని మీదే. నా అనుమానం మాత్రం మ్షాంగా మీద. తుపాకులు బాగుచేసే ముసలాయన, ఊరంతా మ్జే అని మర్యాదగా పిలుస్తుంది. పరీక్షకు ఆయనే కాల్చాలని లెఫ్తేరి పట్టుబట్టాడు. కొనేవాడు తెచ్చిన మధ్యవర్తిని నేనెప్పుడూ నమ్మలేదు.

మొందులీ దారిలో పాత కంకర గొయ్యి ఉంది. యాభై గజాల అవతల చెక్కకు కాగితం కొట్టి, మ్షాంగా ఇసుక బస్తా మీద రైఫిలు ఆనించి, కుడి గొట్టం, వెంటనే ఎడమ గొట్టం పేల్చాడు. కాగితం మీద రెండు చిల్లులూ కోటు చేతి బొత్తాల్లా ఆనుకుని ఉన్నాయి. లాండ్‌రోవరు తలుపు మీద నా పేరు ఏ రంగులో రాయించాలా అని అప్పుడే ఆలోచన మొదలుపెట్టాను.

మ్షాంగా రైఫిలు విప్పి నీడలో పెట్టి, కాల్చిన కర్రపెండలం తింటూ కూర్చున్నాడు. గొట్టాలు వేడిగా ఉంటే గురి తప్పుతుందట, అరగంట ఆగాలట. రోజుకింత అని కూలి తీసుకునేవాడికి చల్లారబెట్టడం ఇష్టంగానే ఉంటుందని నాలో నేను అనుకున్నాను.

రెండో జతలో కుడి గుండు జానెడు కుడికి, ఎడమది జానెడు ఎడమకి పోయాయి. మూడో జతలో కుడిది నడిమధ్యన పడింది, ఎడమది బయటికి తన్నింది. లెఫ్తేరి వెళ్ళి చిల్లుల్లో వేలు పెట్టి చూసి వచ్చాడు. వాళ్ళిద్దరూ చీమలపుట్ట అవతలికి పోయి గుసగుసలాడారు. ధర దించడానికే ముసలాయన చెయ్యి వంకర తిప్పుతున్నాడని నాకు రూఢి అయిపోయింది. ఇక లెఫ్తేరినే కాల్చమన్నాను.

మ్షాంగాకు కోపం రాలేదు. "నా చెయ్యి అమ్ముడుపోయిందనేగా నీ అనుమానం? సరే, కొనేవాడి చేతికే ఇస్తున్నా. తన ప్రాణానికి తనే వంకర గురి పెట్టుకోడులే" అన్నాడు.

లెఫ్తేరి కాల్చాడు. కుడిది పక్కకి పోయింది, ఎడమది నడిమధ్యన పడింది.

"మళ్ళీ అతికిన గొట్టాలివి. ఎవరి చేత అతికించావ్?" అన్నాడు నా వైపు తిరిగి.

"అతుకు చెడితే తుపాకి ఎప్పుడూ ఒకే తప్పు చేస్తుంది. పూటకో తప్పు చేసేది మనిషి. కాల్చే మనిషిని మార్చి చూశాం, ఇక మిగిలింది తూటాలు. ఆ పెట్టె ఇలా తే" అన్నాడు మ్షాంగా.

మిగిలిన పన్నెండు తూటాల్నీ ఒక్కొక్కటిగా చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. ఏడింటిలో చప్పుడు లేదు. అయిదింటిలో ఇసుక జారినట్టు సవ్వడి. తూటాలో పాతకాలపు మందు పుల్లల్లా బిగించి ఉంటుంది, కొత్తది గింజల్లా ఉంటుంది.

ఆ పెట్టె నా చేతికొచ్చినప్పుడు పదకొండే ఉన్నాయి. సగం ఖాళీ పెట్టె నేను ఏనాడూ గల్లా మీద పెట్టలేదు. వెలితిగా కనబడితే బేరం అక్కడే విరుగుతుంది. అందుకని అంతకుముందు ఏడాది ఓ వేటగాడు అమ్మిపోయిన విడి తూటాలు తొమ్మిది అందులో సర్దాను. అదే ఇత్తడి, అదే అంకె. తేడా ఉంటుందని నాకు తట్టలేదు.

మ్షాంగా ఒక్కో రకంలో ఒకటి తీసి, పటకారుతో గుండు ఊడబీకాడు. లూపా గనుల్లో బంగారం కొన్న రోజుల నాటి త్రాసు నా సంచిలోనే ఉంటుంది. బంగారం తూచే ఔన్సు రాయి వేశాను. పాత గుండు దానితో సరిగ్గా తూగింది, నాలుగు వందల ఎనభై గ్రెయిన్లు. రెండోది వేస్తే పళ్ళెం దిగిపోయింది. ఇరవై గ్రెయిన్లు ఎక్కువ. బరువు గుండు గొట్టంలో ఎక్కువసేపు ఉంటుందనీ, అది బయటపడేలోపే తుపాకి తన్ని, కుడిదాన్ని ఇంకా కుడికి, ఎడమదాన్ని ఇంకా ఎడమకి తిప్పేస్తుందనీ మ్షాంగా చెప్పాడు.

"మరి ఈ రెండు రకాలూ కలిపిందెవరు?" అన్నాడు లెఫ్తేరి.

మేనేజరు మీదికి తోసెయ్యొచ్చు, అతను అప్పటికే ఓడెక్కేశాడు. కానీ పెట్టెలో మోసం చేసిన మేనేజరు గొట్టాల్లో చెయ్యలేదని లెఫ్తేరి నమ్మడు. పరువు పోతుందా, బండి పోతుందా అని లెక్క వేసుకున్నాను.

"నేనే. పెట్టె నిండుగా కనబడాలని" అన్నాను.

లెఫ్తేరి పెట్టె మూత మూశాడు. "మిరియాల్లో బొప్పాయి గింజలు కలుపుతారని తెలుసు. దున్నకి ఎదురుగా నిలబడి పేల్చే సరుకులో కూడా కలుపుతారా మీ బజార్లో?"

రెండు రకాలూ వేరువేరుగా కాల్చి చూడమని బతిమాలాను. ఈసారి గొట్టాలు చల్లారేదాకా నేనే గొడుగు పట్టాను. తేలిక గుళ్ళు నాలుగూ టీ సాసరు కింద దాగేంత దగ్గరగా పడ్డాయి. బరువువి నాలుగు కాలిస్తే రెండు కుడిన, రెండు ఎడమన, ఏ జతకా జత. అతుకు చెక్కుచెదరలేదని లెఫ్తేరి ఒప్పుకున్నాడు.

కానీ సరైన తూటాలు ఇక రెండే. అలాంటి తేలికవి మా వైపు కొట్లలో దొరకవు. లెఫ్తేరి ఇంట్లో ఉన్నవన్నీ బరువు గుళ్ళే. మందు కొలత మార్చుకుంటూ పోతే అవి కూడా ఒకచోటికి చేరతాయని మ్షాంగా అన్నాడు. ఆ ఖర్చంతా నాదేనని లెఫ్తేరి తేల్చాడు.

"ఇరవైలో తొమ్మిది నీవి కదా, భాయ్. నా బండిలోనూ తొమ్మిది తీసుకుంటా" అన్నాడు. మర్నాడు నా ఎదుటే వేళ్ళు మడిచి లెక్కపెడుతూ ఊడదీశాడు: పైకప్పు గుడ్డ, అదనపు చక్రం, జాకీ, పనిముట్ల పెట్టె, నీళ్ళ డబ్బాలు రెండు, వెనక సీట్లు రెండు, హారను.

మ్షాంగా ముప్పై ఒకటో తూటాకి బరువు గుళ్ళు కూడా ఒకేచోట పడేలా చేశాడు. మొత్తం లెక్క ఇది: మూడు టన్నుల లారీ పోయింది. హారను లేని లాండ్‌రోవరు వచ్చింది, అరటన్ను మోస్తుంది. ముప్పై ఒక్క తూటాల మందూ, మ్షాంగా కూలీ నా చేతి ఖర్చు. అక్టోబరులో సీజను ముగిశాక లెఫ్తేరి తన రెండు కాళ్ళ మీద నడుచుకుంటూ నా కొట్టుకొచ్చాడు. దాన్ని కూడా లాభం కిందే వేసుకున్నాను.