అర పాయింటు

సంచి నేనే సర్దాను. బంతి జారకుండా పూసుకునే జిగురు డబ్బా, రెండు జతల గ్లౌజులు, నడుము బెల్టులు, కుర్చీ చక్రాలకి స్పేరు ట్యూబులు, నీళ్ళు చిమ్మే సీసా. మెడ విరిగిన నాటి నుంచి మా అమ్మాయి ఒంటికి చెమట పట్టదు. ఆట మధ్యలో మొహం మీద నీళ్ళు చిమ్మకపోతే ఒళ్ళు సలసలా కాగిపోతుంది. సీసా పెట్టానా లేదా అని మూడుసార్లు జిప్పు తీసి చూశాను.

"నాలుగోసారి కూడా చూసెయ్, ఓ పనైపోతుంది," అంది.

"నీకేం, ఆడి వస్తావు. భయపడేదాన్ని నేను."

"నాన్న సంచి కూడా నువ్వే సర్దావని కదూ నీ భయం?"

పందొమ్మిదో ఏట బండి మీంచి పడి అది ఆస్పత్రిలో ఉన్నప్పుడు, పది రోజుల పని అని చెప్పి వెళ్ళి, మళ్ళీ రాలేదు దాని తండ్రి. ఆరు చొక్కాలు ఇస్త్రీ చేసి పెట్టి మరీ పంపాను.

చక్రాల కుర్చీ రగ్బీలో ప్రతివాళ్ళకీ ఒక అంకె ఉంటుంది. ఒంట్లో సత్తువ ఎంత మిగిలితే అంకె అంత పెద్దది. మైదానంలోకి దిగే నలుగురి అంకెలూ కలిపి ఎనిమిది దాటకూడదు. వాళ్ళలో ఆడమనిషి ఉంటే ఇంకో అర కలుపుకోనిస్తారు. మా అమ్మాయి అంకె సరిగ్గా అర. అంటే అది దిగినా జట్టు లెక్కలో దిగనట్టే. అందుకే తోటివాళ్ళు దాన్ని 'కొసరు' అని పిలిచేవాళ్ళు. ఆ పిలుపుకి మురిసిపోయేది.

ఆరేళ్ళు ఆడింది. బంతి పట్టుకుని దూసుకుపోయే పని కాదు దానిది. ఎదుటి జట్టులో బలమైనవాడి చక్రానికి తన కుర్చీని అడ్డం తగిలించి, వాణ్ణి కదలనివ్వకుండా పట్టెయ్యాలి. ఒకసారి గెలిచినప్పుడు పేపర్లో ఫొటో వేశారు. అందులో మా అమ్మాయి మోచేయి మాత్రం పడింది. కత్తిరించి దాచుకున్నాను.

ఈసారి తోడు వెళ్ళేవాళ్ళు దొరక్క నేనే వెళ్ళాను. పోటీకి ముందురోజు అంకెలు సరిచూసే పరీక్ష. చల్లటి గది, రెక్సిన్ పరిచిన బల్ల, ఇద్దరు డాక్టరమ్మలు. చేయి ఎత్తమన్నారు, తొయ్యమన్నారు, వేళ్ళు ముడవమన్నారు. చలికి దాని వేళ్ళు ఎప్పుడూ బిగుసుకుంటాయి. కొంచెం వంగి ఆగిపోయాయి.

"అంతేనా?" అంది పెద్ద డాక్టరమ్మ, మామూలుగానే.

నాకు చురుక్కుమంది. ఎనిమిదేళ్ళు, పొద్దున అరగంట, సాయంత్రం అరగంట, ఆ వేళ్ళను ఒక్కొక్కటీ వంచి, చాచి, పిండి ముద్దలు పిసికించి దారికి తెచ్చుకున్నాను.

"అంతేనా ఏంటమ్మా! చొక్కా గుండీలు తనే పెట్టుకుంటుంది. మొన్న సీసా మూత కూడా తిప్పింది," అన్నాను.

చిన్న డాక్టరమ్మ దాని చేతులకు వేడి గుడ్డ చుట్టి కాసేపు ఉంచింది. పెద్దావిడ తన తెల్లకోటు విప్పి దానికి తొడిగింది. మా అమ్మాయి నా వైపు ఒక్కసారి చూసి, పైనుంచి కిందిదాకా ఐదు గుండీలూ పెట్టింది.

సాయంత్రం తలుపు మీద కాగితం అంటించారు. దాని పేరు ఎదురుగా ఒకటి.

కోచ్ వేళ్ళు మడిచి లెక్కపెట్టాడు. "మూడున్నర, మూడు, ఒకటిన్నర, ఇప్పుడు ఒకటి. తొమ్మిది అవుతుందండీ." ఇంకోసారి కూడాడు. తొమ్మిదే వచ్చింది.

"మూడు అంకె అబ్బాయిని తీసేసి, రెండున్నర అబ్బాయిని దించితే?" అన్నాను. ఈ ఆట రూల్సు కూడబలుక్కుని చదివినదాన్ని.

"ఆ రెండున్నరవాడు మన దగ్గర లేడు పిన్నిగారూ."

"కొసరు తూకంలోకి వచ్చేసిందిరోయ్," అన్నాడు జట్టులో బుల్డోజరు అనేవాడు. ఎవరూ నవ్వకపోతే మా అమ్మాయే నవ్వింది.

గదికి వచ్చాక అడిగాను, "నిజమే కదే నేను చెప్పింది?"

"నిజమేనమ్మా. అడిగిందెవరు?"

పోటీ జరిగిన మూడు రోజులూ మైదానం గీతకి బయట కూర్చుని, తోటివాళ్ళ మొహాల మీద నీళ్ళు చిమ్మింది. జట్టు ఓడిపోయింది. దాని స్థానంలో దిగినవాడు ఎవరినీ ఆపలేకపోయాడు.

ఏడాది పాటు దాన్ని ఎవరూ పిలవలేదు. ఆ తర్వాత దూరపు ఊళ్ళో ఒక జట్టుకి ఒకటి అంకె మనిషి కావలసి వచ్చింది. ఈసారి సంచి అదే సర్దుకుంది. జిప్పు దగ్గర ఇబ్బంది పడుతుంటే సాయం వెళ్ళబోయాను.

"ఉండవే అమ్మా. నువ్వు బాగుచేసిన వేళ్ళేగా, పనిచెయ్యనీ."

"సీసా పెట్టావా?"

"పెట్టాను."

"చూపించు."

"వచ్చాక చూపిస్తాలే."

మా అమ్మాయి వెళ్ళింది జూన్ తొమ్మిది, మంగళవారం, ఉదయం ఏడున్నర రైలుకి. అక్కడ రెండేళ్ళు ఆడింది. మూడో ఏడు ఫిబ్రవరిలో జ్వరం ఊపిరితిత్తులకి దిగి నాలుగో రోజున పోయింది. మధ్యలో ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు.