వడ్డీ మీద నూటికి నూరు తగ్గింపు

'తగ్గింపు' అన్న మాట చెవిన పడితే చాలు, ఆవిడ మొగుడుగారి కాళ్ళు వాటంతటవే అటు నడుస్తాయి. వస్తువు అవసరమా కాదా అన్నది ఆయనకు అనవసరం. నూటికి ఎంత తగ్గించారన్నదే లెక్క, తగ్గినదంతా తన సంపాదనేనని గట్టి నమ్మకం. ఆవిడ తమ్ముడు ఆయన్ని చాటుగా 'డిస్కౌంటు బావ' అంటాడు. ఆ మాట ఒకసారి ఆయన చెవిన పడితే, మెచ్చుకున్నాడనుకుని మురిసిపోయాడు.

ఆవిడ ముందుగదిలో మిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది. దగ్గర్లోని బడివాళ్ళు మూడు వందల యూనిఫారాలకు పని ఇస్తామన్నారు. ఒకటో తారీఖున మొదలుపెట్టాలి, లోపలి అంచులు దారం పోగులు లేవకుండా ఓవర్‌లాక్ చేసి ఉండాలి. అందుకు వేరే మిషన్ కొనాలి, అది ముప్ఫై వేలు. చిరుగులు కుట్టీ, నడుములు వదులు చేసీ, చేతులు పొట్టి చేసీ రెండేళ్ళుగా కూడబెట్టింది. బీరువాలో గుడ్డసంచిలో సరిగ్గా ముప్ఫై వేలు పోగయ్యాయి.

ఆ ఆదివారం మధ్యాహ్నం ఇద్దరు మనుషులు ఆయాసపడుతూ ఒక భోజనాల బల్ల మోసుకొచ్చి ముందుగదిలో దింపారు. దానికి ఎనిమిది కుర్చీలు. ఇంట్లో ఉన్నది ముగ్గురు. అందులో అత్తగారు మోకాళ్ళ నొప్పులతో మంచం మీదే తింటుంది.

"అసలు ధర యాభై వేలు. నలభై శాతం తగ్గింపు. ఒక్క పూటలో ఇరవై వేలు మిగిల్చాను," అన్నాడు ఆయన.

"ఆ మిగిలినవి ఎక్కడున్నాయండీ?"

ఆయన ఆవిడ వంక జాలిగా చూశాడు. ఆవిడకు ఎందుకో అనుమానం వచ్చి బీరువా తెరిచింది. సంచి ఉంది. అందులో ఏమీ లేదు.

"అప్పుగా తీసుకున్నాననుకో. ఊరికే ఏం కాదు, నూటికి ఆరు చొప్పున బారువడ్డీ ఇస్తా. ముప్ఫై వేలకు ఏడాదికి పద్దెనిమిది వందలు. బీరువాలో పడుంటే చిల్లిగవ్వ పెరిగేదా?"

"నాకు ఏడాదికి కాదండీ, ఒకటో తారీఖుకి కావాలి."

"చూద్దాం."

ఆ 'చూద్దాం' ఆవిడ నాలుగుసార్లు వింది. మెల్లగా అడిగింది, గట్టిగా అడిగింది, ఏడ్చి అడిగింది. ఒకరోజు వంట మానేసి అడిగింది. ఆయన బయటికి వెళ్ళి, ఒక పొట్లం కొంటే ఒక పొట్లం ఉచితమట, తెచ్చుకుని తిన్నాడు. తల్లికీ పెట్టాడు.

నెలాఖరు ఇంకా పది రోజులుందనగా ఆవిడ అడగడం మానేసింది. కొలతలు గీసుకునే కాగితం ఒకటి పరిచి, ఎర్రరంగుతో పెద్ద పెద్ద అక్షరాలు రాసి, భోజనాల బల్లకు ఎదురుగా గోడకు అంటించింది.

"అసలు ముప్ఫై వేలు. వడ్డీ నూటికి ఇరవై నాలుగు. ఏడాదికి ఏడు వేల రెండు వందలు. ఇరవై ఐదో తారీఖులోగా అసలు కట్టినవారికి వడ్డీ మీద నూటికి నూరు శాతం తగ్గింపు!"

ఆఫీసు నుంచి వచ్చి ఆయన చెప్పులు కూడా విప్పకుండా నిలబడి చదివాడు. "నూటికి ఆరనుకున్నాం కదా?"

"అది పాత రేటండీ."

"నూటికి నూరంటే మొత్తం పోయినట్టేనా?"

"మొత్తం."

"గడువు పెంచుతావా?"

"పెంచను. ఇరవై ఆరో తారీఖున కాగితం చింపేస్తా."

ఆ రాత్రి ఆయన కంటికి కునుకు లేదు. నాలుగో రోజు సాయంత్రం ఇంటికొచ్చి ముప్ఫై వేలు బల్ల మీద పెట్టి, పరీక్ష పాసైన మొహంతో నిలబడ్డాడు. "ఏడు వేల రెండు వందలు మిగిల్చాను."

మంచం మీదనుంచి అత్తగారు అడిగింది. "డబ్బెక్కడిదిరా?"

"ఆఫీసు సొసైటీలో అప్పు తీశానమ్మా. పదిహేను శాతం. ఏడాదికి నాలుగున్నర వేలు వడ్డీ, జీతంలో కోసుకుంటారు. ఇక్కడ మిగిలిన ఏడు వేల రెండు వందల్లో అది తీసేసినా రెండు వేల ఏడు వందలు లాభమే."

అత్తగారు కోడలి వంక చూసింది. "వీడికి లెక్కలకి ట్యూషన్ కూడా పెట్టించామమ్మాయ్," అంది.

ఆవిడకు లెక్క తెలుసు. జీతంలో కోత అంటే ఇంట్లో కోత. ఆ నాలుగున్నర వేలు పాలలోనో కరెంటు బిల్లులోనో సర్దాల్సింది తనే. తన డబ్బు తను తెచ్చుకోవడానికి తనే వడ్డీ కట్టుకుంటోందన్నమాట. కానీ బడి పని చేజారితే పోయేది ఇంతకు పదింతలు.

మిషన్ వచ్చింది. బల్ల వదిలిన కాస్త జాగాలో గోడవారగా ఇరికించారు. ఒకటో తారీఖున మొదటి చొక్కా అంచు కుడుతుంటే ఆయన పక్కన నిలబడి చూశాడు.

"ఎంతైనా నీ ఆఫర్ బాగుందోయ్. ఇంకేమైనా ఉన్నాయా?"

ఆవిడకు నవ్వొచ్చింది, వెంటనే మనసు చివుక్కుమంది. ఏడ్చి అడిగితే 'చూద్దాం' అన్న మనిషి, ఎర్ర అక్షరాలు చూసి నాలుగు రోజుల్లో తెచ్చి ఇచ్చాడు. ఇన్నేళ్ళ కాపురంలో తన మాట ఒక్కదాన్ని కూడా ఈయన అసలు ధరకు కొనలేదు.

"అయిపోయాయండీ," అని తల వంచుకుని రెండో చొక్కా అందుకుంది.